నాలుగుసార్లు చదివినా గుర్తుండట్లేదా? మీ పరీక్షకి సరిపోయే చదువు పద్ధతి ఎంచుకోవడం ఎలా

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచాక, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. ఇరవై ఏళ్ళకి పైగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నాను, ఆ వారంలో వచ్చే ప్రశ్న మాత్రం మారలేదు: "సార్, ఎలా చదవాలి?"

కిందటేడు ఫస్టియర్ అమ్మాయి ఒకతె వచ్చింది. "సమతలంలో చలనం చాప్టర్ నాలుగుసార్లు చదివాను సార్. స్లిప్ టెస్ట్‌లో ఏమీ రాయలేకపోయాను" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తెల్ల కాగితం ఇచ్చి, "పుస్తకం పక్కన పెట్టి, ప్రక్షేపకం పథం పరావలయం అని ఇక్కడే చూపించమ్మా" అన్నాను. బొమ్మ చక్కగా గీసింది. వేగాన్ని రెండు అంశాలుగా విడగొట్టింది. అడ్డంగా వెళ్ళే దూరానికి ఒక సమీకరణం, నిలువుగా వెళ్ళే దూరానికి ఇంకో సమీకరణం రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది. "ఇక్కడి నుంచి పుస్తకం చూస్తే వచ్చేస్తుంది సార్" అంది.

మిగిలింది ఒక్క అడుగే. మొదటి సమీకరణంలోంచి కాలం విలువ తీసి రెండోదాంట్లో పెట్టాలి. నాలుగుసార్లు చదివినప్పుడూ ఆ అడుగు ఆమె కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. ఆమె చేత్తో మాత్రం ఒక్కసారీ వేయలేదు.

ఆ అమ్మాయికి తెలివి తక్కువా కాదు, కష్టపడకపోవడమూ కాదు. ఎంచుకున్న పద్ధతి ఆ పరీక్షకి సరిపోలేదు, అంతే. చదవడం, రాయడం, అప్పజెప్పడం, బిట్లు చేయడం, టెస్టులు రాయడం, వీడియోలు చూడడం, కంబైన్డ్ స్టడీ... వీటిలో ఏది ఎవరికి, ఎప్పుడు పనికొస్తుందో నేను పిల్లలకి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఇవి చూసుకోండి

పరీక్ష మీ చేత ఏం చేయిస్తుంది? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే, చాలామంది అడగనిదీ ఇదే. ఇంటర్ పబ్లిక్ పరీక్ష మీ చేత రాయిస్తుంది. తెలంగాణలో చాలా ఏళ్ళుగా నడుస్తున్న ఫిజిక్స్ పేపర్ చూడండి: 2 మార్కులవి 10 ప్రశ్నలు, 4 మార్కులవి ఎనిమిదింటిలో 6, 8 మార్కులవి మూడింటిలో 2. మొత్తం 60 మార్కులు. ఇందులో జవాబు గుర్తించడానికి ఆప్షన్లు ఉండవు, ఖాళీ కాగితం ఉంటుంది. ఈఏపీసెట్, అంటే మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచేది, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి 67 సెకన్లు దక్కుతాయి. ఇంజినీరింగ్ వాళ్ళకి అందులో 80 మ్యాథ్స్, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకి 75 ప్రశ్నలే. ప్రశ్నకి రెండు నిమిషాల పైన దొరుకుతుంది గానీ లెక్క లోతుగా ఉంటుంది, తప్పుకి ఒక మార్కు పోతుంది. నీట్‌లో 180 నిమిషాలకి 180 ప్రశ్నలు, సగం బయాలజీయే. ఓఎంఆర్ షీట్ మీద బుడగలు నింపే టైమ్ కూడా ఆ నిమిషంలోంచే పోతుంది.

ఒకే చాప్టర్‌ని ఒక పరీక్ష రాయమంటుంది, ఇంకోటి పరుగెత్తి చేయమంటుంది, మూడోది నిలబడి ఆలోచించమంటుంది. మూడింటికీ ఒకే రకంగా తయారయితే కనీసం రెండిట్లో దెబ్బ తింటారు.

ఎన్నాళ్ళు గుర్తుండాలి? రేపటి స్లిప్ టెస్ట్‌కా, ఏడు నెలల తర్వాత మే నెలకా? అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, రెండోసారి చదివినవాళ్ళకి 81 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్ళకి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది: చదివినవాళ్ళకి 42, గుర్తు తెచ్చుకున్నవాళ్ళకి 56. "రాత్రి చదివినప్పుడు అంతా వచ్చింది సార్, టెస్ట్‌లో పోయింది" అని పిల్లలు చెప్పేది అబద్ధం కాదు. రాత్రి నిజంగానే వచ్చింది.

ఆ పద్ధతి మీకు నిజం చెప్తుందా? కొన్ని పద్ధతులు రానిదాన్ని కూడా వచ్చినట్టు అనిపిస్తాయి. కొన్ని ఎక్కడ రాలేదో వేలు పెట్టి చూపిస్తాయి. రెండో రకం మనసుకి కష్టంగానే ఉంటుంది.

టైమ్ ఎంత తింటుంది, మీరు కూర్చునే చోటు ఎలాంటిది అన్నవి కూడా లెక్కలోకి తీసుకోండి. నలభై మంది ఉన్న స్టడీ హాల్లో గట్టిగా అప్పజెప్పలేరు. ఒకే గదిలో టీవీ మోగే ఇంట్లో మూడు గంటల గ్రాండ్ టెస్ట్, అంటే అసలు పరీక్షలాగే పెట్టే పూర్తి టెస్ట్, రాయలేరు.

## మళ్ళీ మళ్ళీ చదవడం, గీతలు గీయడం

అందరూ చేసేది ఇదే, ఎందుకంటే ఇదే సులువు. రెండోసారి చదివేటప్పుడు వాక్యం పరిచయంగా కనిపిస్తుంది, ఆ పరిచయాన్నే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. వీధి చివర రోజూ కనిపించే మనిషి మొహం మనకి బాగా తెలుసు. పేరేంటి, ఏ ఇల్లు అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం.

డన్‌లోస్కీ అనే పరిశోధకుడి బృందం 2013లో పది చదువు పద్ధతులను తూచి చూసింది. తనను తాను పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి (ఒకే రోజు కాకుండా కొన్ని రోజుల తేడాతో) చదవడం పై మెట్టు మీద నిలిచాయి. మళ్ళీ చదవడం, గీతలు గీయడం అట్టడుగున నిలిచాయి.

అలాగని చదవడమే మానేయమనను. మొదటిసారి చదువు తప్పనిసరి, అది నెమ్మదిగానే సాగాలి. నీట్ బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం, బొమ్మల కింద రాసిన మాటలతో సహా చదవాల్సిందే. పరీక్ష ముందురోజు సాయంత్రం ఒకసారి తిరగేయడమూ మంచిదే. మధ్యలో మూడోసారి, నాలుగోసారి చదవడమే దండగ. హైలైటర్ వాడాలనిపిస్తే మొదటిసారి చదివినప్పుడు వాడకండి. అప్పుడు అన్నీ ముఖ్యంగానే కనిపించి పేజీ మొత్తం పచ్చగా అయిపోతుంది.

## రాసుకుంటూ చదవడం

ఇందులో రెండు రకాలున్నాయి, రెండిటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని నోట్సులోకి దించడం చూచిరాత. చేయి నొప్పి పుడుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. రంగు పెన్నులు, స్కేలు, అంచులకి గీతలు పెట్టి ఒక్కో చాప్టర్‌కి ఐదారు గంటలు పోసే పిల్లలున్నారు. వాళ్ళ నోట్సు చూస్తే ముచ్చటేస్తుంది, మార్కులు చూస్తే బాధేస్తుంది.

రెండోది, చదివాక మూసేసి, తనకు అర్థమైన మాటల్లో ఒక పేజీకి కుదించడం. ఇది బంగారం. అకర్బన రసాయన శాస్త్రం, కర్బన రసాయన చర్యల గొలుసులు, ఫిజిక్స్ సూత్రాలు ఇలా ఒక్కో పేజీలోకి వస్తే మార్చి నెలలో చాలా టైమ్ మిగులుతుంది. నోట్సు మొదటి చదువులో రాయకండి. రెండోసారి గుర్తు తెచ్చుకోబోయి తడబడ్డ విషయాలే రాయండి. అప్పుడు ఆ పేజీ పూర్తిగా మీ అవసరానికి తయారైనది అవుతుంది. పక్కవాళ్ళ నోట్సు జిరాక్స్ తీయించుకుంటే ఈ లాభం రాదు.

ఇంటర్ పబ్లిక్‌కి రాత సాధన విడిగా కావాలి. ఎనిమిది మార్కుల జవాబు బొమ్మతో, గుర్తులతో, ఉత్పాదనతో ఎంతసేపట్లో రాయగలరో గడియారం పెట్టుకుని చూసుకోండి. ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చే పిల్లలు కొందరు ఇక్కడే తడబడతారు. జవాబు తెలుసు, మూడు వాక్యాలు వరసగా రాయడం అలవాటు తప్పిపోయింది.

## అప్పజెప్పడం

మన ఇళ్ళల్లో ఇది పాత పద్ధతే. ఎక్కాలు అప్పజెప్పించారు, శతక పద్యాలు అప్పజెప్పించారు. తర్వాత దానికి 'బట్టీ' అని పేరుపెట్టి పక్కన పడేశాం. అర్థం కాకుండా అప్పజెప్పడమే బట్టీ. అర్థమైనదాన్ని పుస్తకం చూడకుండా బయటికి తీయడం, పైన చెప్పిన ప్రయోగంలో వారం తర్వాత గెలిచిన పద్ధతే.

తెల్ల కాగితంతో మొదలుపెట్టండి. చాప్టర్ పేరు పైన రాసి, గుర్తున్నదంతా పదిహేను నిమిషాలు రాయండి. చూడ్డానికి బాగుండక్కర్లేదు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఆ ఎర్ర రాతే రేపు మీరు చదవాల్సిన పాఠం. నా అనుభవంలో మొదటి కాగితం ఎప్పుడూ సగానికి పైగా ఎర్రగానే ఉంటుంది. అక్కడే చాలామంది బెదిరిపోయి మళ్ళీ చదవడంలోకి పారిపోతారు. నాలుగు రోజుల తర్వాత రెండో కాగితం రాసి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

చిన్న చిన్న విషయాలకి కార్డులు బాగుంటాయి: సూత్రాలు, శాస్త్రీయ నామాలు, రసాయన చర్యల పేర్లు. పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించుకున్నా చాలు. ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970లలో దీనికో పెట్టెల పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. వచ్చిన కార్డు తర్వాతి పెట్టెలోకి, రాని కార్డు మళ్ళీ మొదటి పెట్టెలోకి వెళ్తుంది. మొదటి పెట్టె రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయండి. వచ్చినవాటి మీద టైమ్ వృథా కాదు, రానివి తప్పించుకోలేవు.

మనిషికి అప్పజెప్పడం ఇంకో దారి. దాని గురించి చివర్లో చెప్తాను.

లోపాలూ ఉన్నాయి. హాయిగా ఉండదు. గంటసేపు చేశాక 'నాకేమీ రాదు' అనిపిస్తుంది. లెక్కలు చేయడం దీంతో రాదు: న్యూటన్ నియమాలు మూడూ గడగడా చెప్పే కుర్రాడు, వాలుతలం మీద దిమ్మె లెక్క ఇస్తే బలాలన్నీ ఎటు గీయాలో తెలియక నిలబడిపోవచ్చు. అందుకే ప్రతి వాక్యం దగ్గర 'ఎందుకు?' అని మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి. దానికీ జవాబు చెప్పగలిగితే బట్టీ కాదు.

## బిట్లు, పాత పేపర్లు

ఎంట్రన్స్‌కి ఇవి అన్నంలాంటివి, దీని మీద వాదన లేదు. ఎలా చేస్తున్నారన్నదే తేడా.

చాప్టర్ అయిపోగానే ఆ చాప్టర్ బిట్లు వంద చేస్తే తొంభై వస్తాయి. గర్వంగా ఉంటుంది. ఎందుకు వచ్చాయి? ఏ సూత్రం వాడాలో చాప్టర్ పేరే చెప్పేసింది. గ్రాండ్ టెస్ట్‌లో ఆ పేరు ఉండదు. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒక గుంపు ఒక్కో రకం లెక్కలన్నీ వరసగా చేసింది, ఇంకో గుంపు అన్ని రకాలూ కలిపి చేసింది. సాధన చేసే రోజు వరసగా చేసినవాళ్ళకి 89 శాతం, కలిపి చేసినవాళ్ళకి 60 శాతం వచ్చాయి. వారం తర్వాత పరీక్షలో కలిపి చేసినవాళ్ళకి 63, వరసగా చేసినవాళ్ళకి 20. నేను చదివిన పరిశోధనల్లో నా క్లాస్‌ని ఎక్కువగా మార్చింది ఇదే. అప్పటి నుంచి హోంవర్క్‌లో పది లెక్కలిస్తే ఆరు కొత్త చాప్టర్‌వి, నాలుగు పాతవి ఇస్తున్నాను.

మొదటి రోజు నుంచే అన్నీ కలిపేయకండి. చాప్టర్ కొత్తగా ఉన్నప్పుడు పదో ఇరవయ్యో వరసగా చేసి చేయి తిరగనివ్వండి, తర్వాత కలపండి.

సొల్యూషన్ చూసే అలవాటు పెద్ద ఉచ్చు. బిట్ చదివి, అర నిమిషం చూసి, వెనక పేజీ తిప్పి, 'ఓ ఇదా' అనుకుని ముందుకి వెళ్తే మీరు లెక్క చేసినట్టు కాదు, చదివినట్టు. జేఈఈ స్థాయి లెక్కకి కనీసం ఏడెనిమిది నిమిషాలు కుస్తీ పట్టండి. రాకపోతే సొల్యూషన్ చూసి, మూసేసి, మళ్ళీ మొదటి నుంచి మీ చేత్తో చేయండి. నాలుగు రోజుల తర్వాత ఇంకోసారి.

పాత జేఈఈ పేపర్లు ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేలు పోసి మెటీరియల్ కట్టలు కొనే ముందు అవి పూర్తి చేయండి. గెస్ పేపర్ల మీద మాత్రం ఆధారపడకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక ఏడాది 'ఇంపార్టెంట్లు' రాసిచ్చాను. నన్ను నమ్మి మూడు చాప్టర్లు వదిలేసిన పిల్లాడు రిజల్ట్స్ రోజు నా ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ రాసివ్వలేదు.

## గ్రాండ్ టెస్టులు, తప్పుల పుస్తకం

టెస్ట్ రాయడం సగం పని. మిగతా సగం టెస్ట్ అయ్యాక ఉంటుంది, చాలా చోట్ల దానికి టైమే ఇవ్వరు. ఆదివారం టెస్ట్, సోమవారం మార్కుల లిస్టు గోడ మీద, మంగళవారం కొత్త చాప్టర్. పిల్లలకి మిగిలేది ర్యాంకు ఒక్కటే.

రెండు వందల పేజీల పుస్తకం ఒకటి తీసుకుని ప్రతి తప్పునీ నాలుగింటిలో ఒక దాని కింద రాయండి: అసలు తెలియదు, తెలిసి మర్చిపోయాను, లెక్కలో తప్పు, ప్రశ్న సరిగ్గా చదవలేదు. పోయినేడు ఒక కుర్రాడి పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

- కెమిస్ట్రీ: మొలాలిటీ అడిగితే మొలారిటీ చేశాను. కిలో ద్రావణికి అన్నారు, లీటరు ద్రావణానికి అనుకున్నాను. *ప్రశ్న చదవలేదు.*
- ఫిజిక్స్: కటకం లెక్క, వస్తువు దూరానికి రుణ గుర్తు పెట్టలేదు. *మూడోసారి ఇదే తప్పు.*
- మ్యాథ్స్: వర్గ సమీకరణంలో 'వాస్తవ, విభిన్న మూలాలు' అంటే విచక్షణి సున్నా కంటే పెద్దది కావాలి. సున్నా కూడా కలిపేశాను. *మర్చిపోయాను.*
- ఫిజిక్స్: 'సరికానిది ఏది' అంటే సరైనది గుర్తించాను. *ప్రశ్న చదవలేదు.*

ఆరు వారాలు రాశాక లెక్కపెడితే, అతని తప్పుల్లో మూడో వంతు పైగా తెలియకపోవడం వల్ల వచ్చినవి కావు. కొత్త మెటీరియల్ అక్కర్లేదని, ప్రశ్నలో 'కానిది', 'కిలో' లాంటి మాటల కింద గీత గీస్తే చాలని తెలిసింది. ఎన్ని గంటలు చదివినా ఆ విషయం బయటపడేది కాదు.

టెస్టుల్లో వ్యూహం కూడా పరీక్షని బట్టి ఉండాలి. ఎంసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు, చివరి ఐదు నిమిషాలు దానికే ఉంచండి. జేఈఈ, నీట్‌లలో తప్పుకి మార్కు పోతుంది కాబట్టి కనీసం రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినప్పుడే పెట్టండి. నీట్‌కి కంప్యూటర్ మీద ప్రాక్టీస్ చేసి ఊరుకోకండి, ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీసుకుని పెన్నుతో నింపండి.

## వీడియో పాఠాలు, కంబైన్డ్ స్టడీ

క్లాసులో అర్థం కాని ఒక్క ముక్క కోసం వీడియో చూడడం మంచి పని. ప్రభుత్వం నడిపే టీ-శాట్, దీక్ష, ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ ఉచితమే. అయితే రెండు గంటల వీడియో ఒకటిన్నర వేగంతో చూసేస్తే, మళ్ళీ చదవడంలో ఉన్న మోసమే ఇక్కడా ఉంటుంది. చెప్పేవాడు చక్కగా చేస్తుంటే మనమే చేస్తున్నట్టు అనిపిస్తుంది. పది నిమిషాలకోసారి ఆపి, తర్వాతి అడుగు మీరు వేసి చూడండి. ఫోన్ మీ చేతిలో ఉంటే ఆగలేరనుకుంటే ఈ దారి మీకు కాదు.

కంబైన్డ్ స్టడీ ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఉంటేనే. ఒకరు చెప్పాలి, ఒకరు అడ్డు ప్రశ్నలు వేయాలి. నలుగురైతే కబుర్లే.

## ఒక్కచోట చూడాలంటే

| పద్ధతి | పబ్లిక్ పరీక్షకి | ఎంట్రన్స్‌కి | ఎన్నాళ్ళు నిలుస్తుంది | లోపం చూపిస్తుందా | పట్టే టైమ్ |
|---|---|---|---|---|---|
| మళ్ళీ మళ్ళీ చదవడం | కొంచెం | చాలా తక్కువ | ఒకటి రెండు రోజులు | లేదు | మధ్యస్థం |
| చూచిరాత నోట్సు | కొంచెం | తక్కువ | తక్కువ | లేదు | చాలా ఎక్కువ |
| మూసి రాసుకునే ఒక పేజీ నోట్సు | బాగా | బాగా | వారాలు | కొంతవరకు | మధ్యస్థం |
| అప్పజెప్పడం, తెల్ల కాగితం, కార్డులు | చాలా బాగా | థియరీకి బాగా | ఎడం ఇచ్చి చేస్తే నెలలు | చూపిస్తుంది | మొదట ఎక్కువ, తర్వాత తక్కువ |
| చాప్టర్‌వారీ బిట్లు | తక్కువ | మొదట్లో బాగా | మధ్యస్థం | సగం | మధ్యస్థం |
| కలిపిన బిట్లు, పాత పేపర్లు | తక్కువ | చాలా బాగా | బాగా | చూపిస్తుంది | ఎక్కువ |
| గ్రాండ్ టెస్ట్, తప్పుల పుస్తకం | నమూనా పేపర్లు రాస్తే బాగా | చాలా బాగా | బాగా | అన్నిటికంటే ఎక్కువ | టెస్ట్‌కి 3 గంటలు, దిద్దుకోడానికి ఇంకో 3 |
| వీడియోలు | అర్థం కానిదానికే | అర్థం కానిదానికే | తక్కువ | లేదు | అదుపు లేకపోతే చాలా ఎక్కువ |

## మీరు ఎవరు?

పదో తరగతి పిల్లలు. మీకు అప్పజెప్పడం, నమూనా పేపర్లు రాయడం చాలు. ఐఐటీ ఫౌండేషన్ బిట్ల కట్టలు ఇప్పుడే మీద వేసుకోకండి. లెక్కల్లో, సైన్స్‌లో పాఠ్యపుస్తకం అభ్యాసాలన్నీ మీ చేత్తో చేస్తే ఇంటర్‌కి అదే పునాది.

ఇంటర్, ఎంసెట్ రెండూ చూసుకోవాల్సినవాళ్ళు. మన రాష్ట్రాల్లో ఎక్కువమంది వీళ్ళే, అసలు ఊగిసలాట కూడా వీళ్ళకే. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. అక్కడివాళ్ళు పబ్లిక్ పరీక్షని పక్కన పెడితే ర్యాంకు నేరుగా పడిపోతుంది. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు. కాబట్టి ర్యాంకు వరకు ఎంట్రన్స్ మార్కులే లెక్క, ఇంటర్‌లో గ్రూప్ సబ్జెక్టుల్లో అర్హత మార్కులు మాత్రం ఉండాలి. ఎన్‌ఐటీ మీద ఆశ ఉంటే ఏ రాష్ట్రమైనా ఇంటర్‌లో 75 శాతం గానీ, బోర్డులో మొదటి 20 పర్సంటైల్ గానీ కావాలి, ఎస్సీ, ఎస్టీలకి 65 శాతం.

వీళ్ళకి నా సలహా: డిసెంబర్ దాకా పొద్దున థియరీ అప్పజెప్పుకోండి, సాయంత్రం అదే చాప్టర్ బిట్లు చేయండి. ఒకే చాప్టర్ రెండు రూపాల్లో వస్తే రెండు పరీక్షలకీ ఒకేసారి తయారవుతారు. పబ్లిక్‌కి ముందు ఐదారు వారాలు రాత సాధన పెంచి, బిట్లు రోజుకి గంటకి తగ్గించండి. పూర్తిగా ఆపితే వేగం పోతుంది, మళ్ళీ రావడానికి పక్షం రోజులు పడుతుంది. పరీక్షలు అయ్యాక ఎంసెట్‌కి మిగిలే వారాలు మొత్తం కలిపిన బిట్లకి, గ్రాండ్ టెస్టులకి ఇవ్వండి.

జేఈఈ మెయిన్ లక్ష్యంగా ఉన్నవాళ్ళు. జనవరిలో ఒక సెషన్, ఏప్రిల్‌లో ఇంకోటి, రెండిట్లో మెరుగైనది తీసుకుంటారు. జనవరి సెషన్‌ని అసలైన గ్రాండ్ టెస్ట్‌లా చూడండి. అది రాసిన రోజు రాత్రే తప్పుల పుస్తకంలో గుర్తున్నవన్నీ రాయండి. లెక్కలు తక్కువ, లోతు ఎక్కువ అన్న సూత్రం మీది. రోజుకి వంద బిట్లు పైపైన చేసేదానికంటే ముప్ఫై లెక్కలు చివరిదాకా చేయండి. పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. ఐఐటీ సీట్ల కోసం ఆ తర్వాత రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు అక్కడిదాకా వెళ్ళాలనుకుంటే ఫస్టియర్ నుంచే సాంకేతిక పదాలు రెండు భాషల్లో కార్డుల మీద రాసుకోండి.

నీట్ పిల్లలు. ఎన్‌సీఈఆర్‌టీ, కార్డులు, తెల్ల కాగితం. బయాలజీ చదివి ఊరుకోకండి, బొమ్మ చూడకుండా గీసి భాగాలు గుర్తించండి. ఫిజిక్స్‌ని వాయిదా వేస్తూ పోయే అలవాటు మీలో చాలామందికి ఉంది. రోజుకి ఇరవై లెక్కలు తప్పించుకోకుండా చేయండి.

లాంగ్ టర్మ్ వాళ్ళు, అంటే ఇంటర్ అయ్యాక ఎంట్రన్స్ కోసం ఇంకో ఏడాది చదివేవాళ్ళు. మీకు అన్నీ పరిచయమే, అదే మీ ప్రమాదం. చాప్టర్ తెరవగానే 'ఇది వచ్చు' అనిపిస్తుంది. మొదటి నెలలోనే ప్రతి చాప్టర్‌కి ముందు పాత పేపర్ ప్రశ్నలు రాయండి, తర్వాతే పాఠం తెరవండి. పోయినేడు ఏం చేశారో అదే ఇంకాస్త ఎక్కువసేపు చేస్తే ఫలితమూ అదే వస్తుంది. తక్కువ నిద్ర కూడా మానండి. రాత్రి రెండింటిదాకా మేల్కొని చదివింది పొద్దున టెస్ట్‌లో ఆవిరైపోవడం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

హాస్టల్లో ఉన్నవాళ్ళు. టైంటేబుల్ మీ చేతిలో ఉండదు, స్టడీ అవర్స్‌లో ఏం చేయాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. గట్టిగా అప్పజెప్పలేకపోతే తెల్ల కాగితం మీద రాయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. వీక్లీ టెస్ట్ పేపర్ తిరిగి ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. అది మీ ఫీజులో భాగమే.

ప్రభుత్వ కాలేజీలో చదువుతూ సాయంత్రం ఇంట్లో చదువుకునేవాళ్ళు. మెటీరియల్ లేదని దిగులు పడకండి. తెలుగు అకాడమీ లేదా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, పాత పేపర్లు, రెండు వందల పేజీల నోటుపుస్తకం, ఒక గడియారం ఉంటే పైన చెప్పినవాటిలో పై మెట్టు పద్ధతులన్నీ చేయొచ్చు. టెస్ట్ వాతావరణం ఒక్కటే కొరత. ఆదివారం పొద్దున గ్రంథాలయంలో ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని మూడు గంటల పేపర్ రాస్తే అదీ తీరుతుంది.

## అమ్మానాన్నలు ఏం చేయొచ్చు

'మాకు ఇంటర్ చదువు తెలియదు కదా సార్' అంటారు చాలామంది తల్లిదండ్రులు. మొదట్లో చెప్పిన అమ్మాయి వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు, ఏడో తరగతి దాకా చదువుకున్నారు. రాత్రి అన్నాలయ్యాక పుస్తకం ఆయన చేతికిచ్చి, పాఠం అప్పజెప్పమని ఆ అమ్మాయికి చెప్పాను. ఆయనకి ఏం చెప్పానంటే, అర్థం కావాల్సిన పని లేదు, పాప ఎక్కడ ఆగితే, ఎక్కడ 'అదీ... అదీ...' అంటే అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి, అంతే.

పదిహేను రోజుల తర్వాత ఆ అమ్మాయి పుస్తకం తెచ్చి చూపించింది. సమతలంలో చలనం చాప్టర్‌లో మొదటి రాత్రి తేదీ పక్కన పదిహేడు చుక్కలున్నాయి. రెండో వారం తేదీ పక్కన నాలుగు. ఆ నాలుగింటి గురించి అడగడానికే స్టాఫ్ రూమ్‌కి వచ్చింది.